నీరసం అనే మాట, టీఎస్‌హెచ్ అనే అంకె

తెలుగులో నీరసం అనే మాటని ఆడవాళ్ళు వాడినంతగా మగవాళ్ళు వాడరు. మగవాడు అలిసిపోతాడు. ఆడవాళ్ళకి నీరసం వస్తుంది. అలసటకి ముందు ఒక పని ఉంటుంది, దాన్ని నలుగురికీ చూపించొచ్చు. నీరసానికి ముందు ఏముందో ఎవరూ అడగరు. అడిగినా ‘ఏమో, ఒంట్లో సత్తువ లేదు’ అనే తప్ప ఇంకో జవాబు దొరకదు. ఆ మాట నాలుగు నెలలు సాగితే ఇంట్లో దాని పేరు మారిపోతుంది. బద్ధకం అంటారు. కాస్త ఒళ్ళు వస్తే తిని కూర్చుంటోంది అంటారు. శరీరంలో జరుగుతున్నది మెల్లమెల్లగా మనిషి గుణంలో దోషంగా మారడం మన ఇళ్ళలో ఎంత మామూలో మనలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

హైపోథైరాయిడిజం చరిత్రని నేను ఈ మాట దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే ఈ జబ్బు వైద్యంలో దశాబ్దాలుగా నడుస్తున్న పెద్ద తగువు దీని చుట్టూనే ఉంది. మాత్ర ఎంత మోతాదులో వేసుకోవాలో ఎవరు తేల్చాలి? నాకింకా నీరసంగానే ఉందని చెప్పే మనిషి తేల్చాలా, ఆమె రక్తం తీసుకుని ల్యాబు ఇచ్చిన అంకె తేల్చాలా? అనుభవాన్ని జ్ఞానంగా గుర్తించాలని ఇన్నేళ్ళుగా వాదిస్తున్న మనకి దీని జవాబు తేలిగ్గానే తోస్తుంది. అంత తేలిక కాదని నాకు అనిపించడం మొదలై చాలాకాలమే అయింది.

సికిందరాబాదు వైద్య చరిత్ర అనగానే 1897లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిన బేగంపేట భవనమే అందరికీ గుర్తొస్తుంది. దోమకి స్మారకం ఉంది. నీరసానికి ఎవరు కడతారు! కానీ ఇవాళ మారేడుపల్లిలోనో పద్మారావునగర్‌లోనో ఏ అపార్టుమెంటులో అడిగినా మలేరియా మందు దొరక్కపోవచ్చు గాని థైరాయిడ్ మాత్రల సీసా దొరుకుతుంది. 2013లో వెలువడిన ఎనిమిది నగరాల అధ్యయనంలో హైదరాబాదు కూడా ఉంది. 5,300 పైచిలుకు మంది పెద్దవాళ్ళని పరీక్షిస్తే నూటికి దాదాపు 11 మందికి హైపోథైరాయిడిజం కనిపించింది. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. వాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. అంటే ఆ మూడో వంతు మంది తమ స్థితికి అప్పటివరకూ వేరే పేరేదో పెట్టుకుని బతుకుతున్నారన్న మాట. ఆ పేర్లు ఏమై ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

ఈ జబ్బు పుస్తకాల్లోకి ఎక్కిందే స్త్రీల జబ్బుగా. లండన్‌లో విలియం గల్ అనే వైద్యుడు 1873లో నడివయసు స్త్రీలకి వచ్చే ఒక స్థితిని వర్ణించాడు. ఆయన చూసింది అయిదుగుర్ని. కోలముఖం గుండ్రంగా ఉబ్బిపోవడం, నాలుక మందమై మాట ముద్దగా రావడం, కదలికల్లో, ఆలోచనల్లో చురుకుదనం పోవడం, ఇవన్నీ రాశాడు. 1878లో విలియం ఆర్డ్ దానికి మిక్సిడీమా అని పేరు పెట్టాడు. పదేళ్ళ తర్వాత లండన్ క్లినికల్ సొసైటీ వేసిన కమిటీ 109 మంది వివరాలు పోగుచేసింది. అందులోనూ అత్యధికులు స్త్రీలే. 1912లో జపాన్‌లో హకారు హషిమొతో, ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద తిరగబడే జబ్బుని మొదట వర్ణించింది కూడా నలుగురు స్త్రీలని చూసే. మన నగరాల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే హైపోథైరాయిడిజం ఆ హషిమొతో రకమే.

వీళ్ళెవరి దగ్గరా రక్తపరీక్ష లేదు. చూశారు, తాకారు, విన్నారు, రాశారు. కాబట్టి ఈ జబ్బుని కనిపెట్టిన తొలి పరికరం ఆ స్త్రీల శరీరాలే, వాళ్ళ మాటలే. అయితే ఆ మాటలు మనకి నేరుగా అందలేదు. డాక్టరు రాసుకున్న కాగితంలోంచి ఒడబోసుకుని వచ్చాయి. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ మరే అనే యువ వైద్యుడు 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ గ్రంథి నుంచి తీసిన రసాన్ని సూదిమందుగా ఎక్కించాడు. కొన్ని నెలల్లో ఆమె మళ్ళీ మామూలు మనిషైంది. ఆ తర్వాత 28 ఏళ్ళు, ఆ రసం తీసుకుంటూనే, 74 ఏళ్ళ వయసు దాకా బతికి 1919లో చనిపోయింది. ఆమె కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడాల్సి వచ్చిందని మరే లెక్క చెప్పాడు. గొర్రెల లెక్క ఉంది. ఆమె పేరు మాత్రం ఒక్క అక్షరమే మిగిలింది, శ్రీమతి ఎస్ అని. ఏ మోతాదు దగ్గర తనకి బాగుందో, ఎప్పుడు బాగాలేదో ఆమె మాటల్లో ఎక్కడా లేదు. అసలు ఈ వైద్యానికి మొదటి నిపుణురాలు ఆమే కదా!

సూదిమందు అక్కర్లేదు, నోటితో తీసుకున్నా పనిచేస్తుందని మరుసటి ఏడాదే, 1892లోనే తేలింది. గొర్రె గ్రంథిని కాస్త వేయించి, సన్నగా తరిగి, పళ్ళ జెల్లీతో కలిపి వారానికోసారి పెట్టిన వైద్యుడు కూడా ఉన్నాడు. మా మోండా మార్కెట్‌లో మాంసం కొట్టేవాళ్ళు మెడ దగ్గర ఆ చిన్న ముక్కని ఏం చేస్తారో ఎప్పుడూ అడగలేదు గాని, ఈ కథ చదివిన దగ్గర్నుంచీ అటు వెళ్ళినప్పుడల్లా గుర్తొస్తుంది.

ఆ తర్వాత డెబ్భై ఏళ్ళకి పైగా మోతాదు నిర్ణయించిన పద్ధతి ప్రధానంగా ఒకటే. చర్మం మెత్తబడేదాకా, మాట తేరుకునేదాకా, మనిషి చురుకయ్యేదాకా పెంచుకుంటూ పోవడం. గుండె దడ మొదలైతే తగ్గించడం. నడుమ కొన్ని కొలతలు రాకపోలేదు. విశ్రాంతిగా పడుకోబెట్టి ఒళ్ళు ఎంత ఆక్సిజన్ ఖర్చుచేస్తోందో కొలిచేవాళ్ళు. తర్వాత రక్తంలో ప్రోటీన్లకి అంటుకున్న అయోడిన్‌ని కొలిచారు. రెండూ మొరటు కొలతలే. చివరి మాట మాత్రం రోగలక్షణాలదే. దూరం నుంచి చూస్తే ఇది మనకి స్వర్ణయుగంలా కనిపిస్తుంది. శరీరం చెప్పిందే ప్రమాణమైన కాలం! కానీ ఆ శరీరాన్ని ‘చదివే’ అధికారం ఎవరిది? 1949లో రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు 14 మంది గురించి ఒక వ్యాసం రాశాడు. థైరాయిడ్ చాలక మతి చలించినవాళ్ళు. పిచ్చి అనుకున్నదానికి కారణం గొంతు దగ్గర గ్రంథి. థైరాయిడ్ మందు ఇచ్చాక వాళ్ళలో చాలామంది కోలుకున్నారు. మందు దొరికి అర్ధశతాబ్దం దాటాక కూడా రోగలక్షణాలని ఎదురుగా పెట్టుకుని పోల్చుకోలేకపోతున్నారనే ఆయన ఆ వ్యాసం రాసింది. లక్షణాలనే నమ్మిన కాలం స్త్రీల మాటని నమ్మిన కాలమేమీ కాదు. మన అత్తమ్మల తరంలో సన్నబడాలని థైరాయిడ్ మాత్రలు మింగించిన కథలు కూడా ఆ కాలంవే.

గొర్రె గ్రంథి నుంచి తెల్లమాత్ర దాకా వచ్చిన ప్రయాణాన్ని గబగబా చెప్పేస్తాను. 1914లో ఎడ్వర్డ్ కెండాల్ అమెరికాలో థైరాక్సిన్‌ని విడదీశాడు. 1927లో హారింగ్టన్, బార్జర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1952లో అంతకంటే చురుకైన టీ3 హార్మోన్ని జాక్ గ్రాస్‌తో కలిసి గుర్తించింది రొజలిండ్ పిట్-రివర్స్. ఈ వరసలో కనబడే మొదటి స్త్రీ పేరు ఆమెది. 1950లలో కృత్రిమ థైరాక్సిన్ మాత్ర మార్కెట్లోకి వచ్చింది. థైరాక్సిన్ ఒక్కటీ ఇస్తే చాలు, ఒళ్ళే దాన్ని టీ3గా మార్చుకుంటుందని 1970లో రుజువైంది.

అసలు మలుపు మందులో కాదు, కొలతలో వచ్చింది. దాని వెనకా ఒక స్త్రీ ఉంది. రొజలిన్ యాలో భౌతికశాస్త్రం చదివింది. ఆడపిల్లకి ఆ చదువులో పైకి వెళ్ళే చోటు దొరకదన్న అనుమానంతో ముందు ఒక శాస్త్రవేత్త దగ్గర సెక్రటరీ పనికి కుదిరి షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవలసి వచ్చింది. ఆమే తర్వాత సాలమన్ బెర్సన్‌తో కలిసి రేడియోఇమ్యూనోఎస్సే అనే పద్ధతిని తయారుచేసింది. రక్తంలో ఊహకందనంత తక్కువగా ఉండే హార్మోన్లని కూడా రేడియోధార్మికత సాయంతో కొలిచే పద్ధతి అది. దానికి వాళ్ళు పేటెంట్ కూడా తీసుకోలేదు. 1977లో ఆమెకి నోబెల్ బహుమతి వచ్చింది. 1960ల మధ్యలో వేరే శాస్త్రవేత్తలు ఆ పద్ధతినే వాడి టీఎస్‌హెచ్‌ని కొలవగలిగారు. ఇవాళ మన రిపోర్టు కాగితం మీద గీత గీసి చూపించే అంకె పుట్టింది అక్కడే. ‘అంకె పురుషుడిది, అనుభవం స్త్రీది’ అని మనం తేలిగ్గా గీసే గీత ఇక్కడే చెదిరిపోతుంది.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ హార్మోను కాదు. మెదడు కింద ఉండే పీయూష గ్రంథి, థైరాయిడ్ గ్రంథిని పని చెయ్యమని పంపే హుకుం. థైరాయిడ్ మందగిస్తే హుకుం పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. మన ఇళ్ళ భాషలో చెప్పాలంటే, వంటింట్లో కోడలి చెయ్యి నెమ్మదించిన కొద్దీ వరండాలో అత్తగారి గొంతు లేస్తుంది. ఆ గొంతు ఎంత లేచిందో కొలిచి లోపల పని ఎంత కుంటుపడిందో లెక్క కడతాం. బాగా పనికొచ్చే కొలతే. థైరాక్సిన్ రవ్వంత తగ్గినా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు ఎగబాకుతుంది కాబట్టి అంత సున్నితమైన సూచిక ఇంకోటి లేదు. కాకపోతే కోడలు ఎందుకు మందగించిందో అత్తగారి కేక చెప్పదు. వంట అయిపోయి కేక ఆగాక కోడలు ఎలా ఉందో అసలే చెప్పదు.

ఈ అంకె వచ్చాక తెలిసిన మొదటి సంగతి మనకి అంత ఇష్టం లేనిదే. లక్షణాలని చూసి ఇస్తున్న మోతాదుల్లో చాలా భాగం అవసరానికి మించినవి. రోజుకి 200, 300 మైక్రోగ్రాములు వేసుకుంటున్నవాళ్ళకి 100, 150 దగ్గరే సరిపోతుందని తేలింది. అయినా వైద్యులు వెంటనే అంకెకి లొంగిపోలేదు. 1986లో గ్లాస్గో వైద్యులు 148 మందిని పరిశీలించి, థైరాక్సిన్ వేసుకుంటున్నవాళ్ళ మోతాదు సరిచూడటానికి ఈ రక్తపరీక్షల వల్ల పెద్ద ఉపయోగం లేదని, మనిషిని చూసి నిర్ణయించడమే మేలని రాశారు. అప్పటి పరీక్షలు టీఎస్‌హెచ్ ఎక్కువైతే చెప్పగలిగేవి గాని, తక్కువైతే ఎంత తక్కువో సరిగ్గా చెప్పలేకపోయేవి. 1980ల చివరికి సున్నితమైన పరీక్షలు వాడుకలోకి వచ్చాయి. తగువు అంకె వైపు మొగ్గింది. 1994లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం, అరవై దాటినవాళ్ళలో టీఎస్‌హెచ్ బాగా అణిగిపోయి ఉంటే పదేళ్ళలో గుండె లయ తప్పే ప్రమాదం మూడు రెట్లని చూపించింది. ఎముకలు గుల్లబారడం ఇంకొకటి, ముఖ్యంగా నెలసరి ఆగిపోయిన స్త్రీలలో.

ఈ ఎముకల సంగతి మన ఊళ్ళో ఇంకా బరువైనది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు తక్కువ ఆదాయ వర్గాల స్త్రీల ఎముకల మీద చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. చాలని తిండితో బతికే ఆ స్త్రీల ఎముకలు వయసుకి ముందే పలచబడుతున్నాయని అది చెప్పింది. ఆమె స్త్రీవాద ఆరోగ్య ఉద్యమంలోనూ ఉన్న మనిషి. 2004లో ఇంగ్లీషులో వచ్చిన స్త్రీల ఆరోగ్య పుస్తకం రాసిన ముగ్గురిలో ఒకరు. అసలే ఎముకల్లో నిల్వ లేని దేశంలో ‘ఉత్సాహంగా ఉంటోంది కాబట్టి ఇంకో మాత్ర’ అనడం వేరు, పాలూ గుడ్లూ తిని పెరిగిన దేశంలో అనడం వేరు.

థైరాయిడ్ పరిశోధనలో తెలుగువాళ్ళ పేరు అంటే మొదట చెప్పాల్సింది శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. 1950ల మధ్య నుంచి హిమాలయాల పాదాన కాంగ్రా లోయలో ఉప్పుకి అయోడిన్ కలిపి గలగండం తగ్గుతుందని రుజువు చేసిన బృందానికి ఆయనే ఆధారం. అక్కడ ప్రశ్న ఊళ్ళకి ఊళ్ళది, జవాబు ఉప్పులో ఉంది. ఒక్కొక్క మనిషినీ నీకెలా ఉందని అడగాల్సిన పని లేకుండానే లక్షల మందికి మేలు జరిగింది. మన ఊళ్ళో ప్రశ్న అలాంటిది కాదు. ఇక్కడ ఒక్కొక్క స్త్రీకీ ఒక్కొక్క మోతాదు, అదీ జీవితాంతం.

అంకెని తిట్టిపోసే ముందు దానికి మనం పడిన రుణం కూడా రాయాలి. హైదరాబాదులోని నాలుగు పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది పసిబిడ్డలకి రక్తపరీక్షలు చేసిన ఫలితాలు 2004లో వచ్చాయి. 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపం కనిపించింది. మొదటి వారాల్లోనే మందు మొదలుపెట్టకపోతే ఆ బిడ్డ బుద్ధి వికసించదు. ఆ బిడ్డ తన లక్షణాలు చెప్పుకోలేదు. తల్లి చూసినా చాలాసార్లు ఏమీ కనబడదు. అక్కడ మాట్లాడగలిగింది మడమ మీద సూదితో గుచ్చి తీసిన రక్తపు చుక్క ఒక్కటే.

నాకూ అంకే మాట ఇచ్చింది. 2003లో నాకు 41 ఏళ్ళు. అంతకు ముందు రెండేళ్ళపాటు నేను చూపించుకున్న డాక్టరు, ఆయన పేరు ఇక్కడ అనవసరం, ప్రతిసారీ బి-కాంప్లెక్సూ ఐరన్ టానిక్కూ రాసి ‘ఈ వయసులో ఇవన్నీ మామూలేనమ్మా, కాస్త యోగా చెయ్యండి’ అనేవారు. మే నెల సికిందరాబాదు ఎండలో కూడా నాకు సరిగ్గా చెమట పట్టడం లేదని చెప్తే నవ్వారు. 1969లో బ్రిటన్‌లో ఈ జబ్బు పోల్చుకోవడానికి వేసిన మార్కుల పట్టికలో చెమట తగ్గడం ఒక లక్షణం అని నాకు తర్వాత తెలిసింది. అదే పట్టికలో చలికి తట్టుకోలేకపోవడం కూడా ఉంది. సికిందరాబాదు ఆడవాళ్ళు ఏడాదిలో ఎన్ని నెలలు ఆ లక్షణం చెప్పగలరు? లక్షణాలకి కూడా ఒక దేశం, ఒక వాతావరణం ఉంటాయి. చివరికి ఇంకో డాక్టరు పరీక్ష రాస్తే నా టీఎస్‌హెచ్ 38 వచ్చింది. 4 దాకా మామూలు. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టినప్పుడు నాకు కలిగింది భయం కాదు. రెండేళ్ళుగా నా మీద ఉన్న నేరం ఎవరో కొట్టేసినట్టు అనిపించింది. బద్ధకం అన్నవాళ్ళంతా ఆ ఒక్క అంకె చూసి నోరు మూసుకున్నారు. నా మాటకి లేని విలువ అంకెకి ఎందుకొచ్చిందని అడగొచ్చు. అడగాలి కూడా. కానీ ఆ రోజున అంకె నా పక్షాన నిలబడిన మాట నిజం.

ఆరేళ్ళ తర్వాత అదే అంకె అటు వెళ్ళి నిలబడింది. రోజూ 100 మైక్రోగ్రాములు వేసుకుంటున్నాను. టీఎస్‌హెచ్ 3.8. మళ్ళీ అదే నీరసం. ‘రిపోర్టు నార్మల్, ఇంక మీకు జబ్బు లేదు’ అన్నారు. ఈ నార్మల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆరోగ్యంగా ఉన్న చాలామందిని కొలిచి, నూటికి 95 మంది ఉండే మేర తీసుకుని, రెండు చివర్లా కత్తిరించిన గీత అది. కానీ ఒక్కొక్క మనిషి తన సొంత అంకె దగ్గరే చాలా ఇరుకుగా తిరుగుతుందని డెన్మార్క్‌లో 2002లో చూపించారు. ఏడాదిపాటు నెలనెలా రక్తం తీసి మరీ చూశారు. అంటే 0.9 దగ్గర బతికిన మనిషికి 3.8 మామూలు కాకపోవచ్చు. ‘నాకు ఇది నార్మల్ కాదు’ అనే రోగి మాటకి ఇంతకంటే బలమైన శాస్త్రీయ సాక్ష్యం లేదు. ఆ అధ్యయనంలో పాల్గొన్న 16 మందీ మగవాళ్ళే అని మాత్రం ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

మా పరిచయస్తుల్లో ఒక టీచరు ఈ దశలోనే 100ని తానే 150 చేసుకుంది. వారం తిరక్కుండా హుషారుగా ఉందని చెప్పింది. నాలుగు కిలోలు తగ్గింది. థైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, మోతాదు మార్చాక నిలకడకి రావడానికి ఆరు వారాలు కావాలి. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయిస్తారు. మూడోరోజు హుషారు మందుదో, ‘నా శరీరం నా చేతిలోకి వచ్చింది’ అన్న సంతోషానిదో చెప్పడం కష్టం. ఆ సంతోషాన్ని నేను తక్కువ చెయ్యను. రెండేళ్ళకి ఆమె గుండె దడతో ఆస్పత్రిలో చేరేనాటికి టీఎస్‌హెచ్ దాదాపు సున్నా.

1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘సవాలక్ష సందేహాలు’ చదివి పెరిగిన తరం మాది. మన ఒంటి గురించి మనకి తెలుసు, డాక్టరు చెప్పింది గుడ్డిగా నమ్మక్కర్లేదు, అడగొచ్చు అనే ధైర్యం ఆ పుస్తకం ఇచ్చింది. ఆ ధైర్యాన్ని వదులుకోమని నేను అనడం లేదు. కానీ ఈ విషయంలో ప్రయోగాలు ఏం చెప్పాయో కూడా మనం కళ్ళు తెరిచి చదవాలి. ప్రయోగం అంటే మన ఊళ్ళో మంచి జ్ఞాపకాలు లేవని తెలుసు. 1985లో పటాన్‌చెరులో స్త్రీలకి సరిగ్గా చెప్పకుండా నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్లు ఇస్తుంటే స్త్రీశక్తి సంఘటన అడ్డుకుని, మరుసటి ఏడాది ఇతరులతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నేను చెప్పబోయేవి అలాంటివి కావు. తెలిసి, ఒప్పుకుని, తమ నీరసానికి జవాబు కావాలని చేరినవాళ్ళు వీళ్ళు.

2001లో గ్లాస్గోలో, లక్షణాలన్నీ ఉండి రక్తపరీక్ష మామూలుగా ఉన్నవాళ్ళకి కొన్నాళ్ళు థైరాక్సిన్, కొన్నాళ్ళు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏది ఏదో వాళ్ళకీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు. లక్షణాల్లో ఉత్తుత్తి మాత్ర కంటే థైరాక్సిన్ ఎక్కువ మేలేమీ చెయ్యలేదు. 2006లో ఆస్ట్రేలియాలో అప్పటికే థైరాక్సిన్ వాడుతున్న 56 మందికి అలాగే తెలియకుండా మోతాదు కొంచెం కొంచెం పెంచి తగ్గించి చూశారు. టీఎస్‌హెచ్ మారింది. లక్షణాలు, ఉల్లాసం, రోజువారీ జీవితం ఏవీ కొలతకందేంతగా మారలేదు. 2018లో అమెరికాలో 138 మందితో చేసినదీ అంతే. అందులో ఒక సంగతి ఉంది. ఏ మోతాదు తీసుకుంటున్నారో చాలామంది సరిగ్గా పోల్చుకోలేకపోయారు. ఎక్కువ మోతాదు అని తాము అనుకున్నదే బాగుందన్నారు. టీ3 కలిపి ఇస్తే మనసు తేలికపడిందని 1999లో 33 మందితో చేసిన చిన్న ప్రయోగం ఎంత ఆశ పెట్టిందో, 2006 నాటికి 11 ప్రయోగాలు కలిపి చూస్తే ఆ ఆశ అంత పలచబడింది. కొందరికి జన్యువుల తేడా వల్ల అది పనికొస్తుందేమో అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

మొదటిసారి ఇవి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. మళ్ళీ ఆడవాళ్ళు చెప్పేది అబద్ధమని తేల్చారా అనిపించింది. రెండోసారి చదివితే అలా తోచలేదు. ఈ ప్రయోగాలు నీరసం లేదని అనలేదు. అది థైరాక్సిన్ మోతాదులో ఈ చిన్న తేడాల వల్ల వచ్చిందీ కాదు, వాటితో పోయేదీ కాదని మాత్రమే అన్నాయి. తప్పు జరుగుతున్నది ఆ తర్వాత. అంకె మామూలుగా ఉంటే డాక్టరు ఫైలు మూసేస్తాడు. మనమేమో మోతాదు పెంచమని పోట్లాడతాం. ఇద్దరం కలిసి నీరసాన్ని థైరాయిడ్ ఆస్తిగా రాసిచ్చేశాం. మన నోట్లో నుంచి వచ్చిన మాటని నమ్మడం వేరు, దానికి మనం పెట్టుకున్న కారణాన్ని నమ్మడం వేరు. అనుభవం గురించి మనం చేసిన చర్చల్లో ఈ రెంటినీ విడదీయలేదనే నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ నీరసానికి మిగతా హక్కుదారులు బోలెడంతమంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో నూటికి 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. సగం మందికి పైగా! 2019 కాలవినియోగ సర్వేలో దేశంలో ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి 299 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్ళు 97 నిమిషాలని తేలింది. ఈ రెండు అంకెలూ ఏ థైరాయిడ్ ప్రొఫైల్‌లోనూ రావు. పైగా ఇవి ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. థైరాయిడ్ తక్కువైతే నెలసరి ఎక్కువ కావచ్చు, దాంతో రక్తం తగ్గుతుంది. రక్తానికని ఐరన్ మాత్రా, ఎముకలకని కాల్షియం మాత్రా వేసుకుంటే అవి థైరాక్సిన్‌ని ఒంటపట్టనివ్వవు, మధ్యన నాలుగు గంటలు ఎడం ఉండాలి. కాఫీ కూడా మందుకి అడ్డే. పరగడుపున మాత్ర వేసుకుని అరగంటో గంటో ఆగమంటారు. పొద్దున్న అయిదున్నరకి లేచి అందరికీ కాఫీ కలిపే మనిషి తాను మాత్రం ఆ గంటా ఆగాలి. మందు అట్ట మీద ఆ సూచన రాసినవాళ్ళకి మన పొద్దుటి వంటిల్లు గుర్తొచ్చి ఉండదు.

2009లో నేను చివరికి వెళ్ళిన డాక్టరు నాకంటే చిన్నది. ఆవిడ నా మాట కాదనలేదు, రిపోర్టూ పక్కన పెట్టలేదు. వారానికి రెండు రోజులు ఇంకో అర మాత్ర కలిపి, ఆరు వారాల తర్వాత రమ్మంది. టీఎస్‌హెచ్ 1.9కి దిగింది. నీరసం దిగలేదు. అయితే ఇది కాదన్న మాట అని, నెలసరి ఎన్ని రోజులు ఉంటోంది, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు, మంచాన ఉన్న అత్తగారిని రాత్రుళ్ళు ఎవరు చూస్తున్నారు అని అడిగింది. అప్పటిదాకా ఏ డాక్టరూ నన్ను ఆ మూడో ప్రశ్న అడగలేదు. హిమోగ్లోబిన్ 9.2 ఉంది. ఐరన్ మాత్ర మధ్యాహ్నానికి మార్చింది. ఏడు నెలలకి 11.8 అయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు నా థైరాక్సిన్ మోతాదు మారలేదు. అత్తగారి దగ్గర రాత్రి వంతులు నేనూ, ఆయనా, మా ఆడపడుచూ పంచుకున్నాం. ఆదివారాలు వంట నేను చెయ్యడం లేదు.